రంగు మారడం సరే, మళ్లీ మామూలుకు రావాలి కదా!

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మేడమ్, నేను ఇంటర్ బైపీసీ రెండో ఏడాది చదువుతున్నాను. మా తాతయ్య కళ్లజోడు ఎండలోకి వెళ్తే నల్లబడుతుంది, ఇంట్లోకి రాగానే మామూలైపోతుంది. ఇలాగే వెలుతురు పడితే రంగు మారి, మళ్లీ పాత రంగుకు వచ్చే ప్రోటీన్లను శాస్త్రవేత్తలు తయారు చేస్తున్నారని మా జువాలజీ సార్ చెప్పారు. ప్రోటీన్ అంటే పప్పులో, గుడ్డులో ఉండేది కదా, దానికి రంగెక్కడిది? అది ఎలా మారుతుంది? తయారు చేయడమంటే ఏం చేస్తారు?
— ఒక విద్యార్థిని, పుత్తూరు

జవాబు: తల్లీ, ముందు తాతయ్య కళ్లజోడు సంగతి చెప్పేస్తాను. పాత రకం గాజు అద్దాలైతే వాటిలో కంటికి ఆనని వెండి లవణాల పలుకులుంటాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే వెండి విడివడి అద్దం నల్లబడుతుంది. నీడకు వస్తే మళ్లీ లవణంగా కలిసిపోతుంది. ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా ఇచ్చేవి ప్లాస్టిక్ అద్దాలు. వాటిలో వెండి ఉండదు, ఎండకు విచ్చుకుని నీడకు ముడుచుకునే కర్బన రసాయనాలుంటాయి. రెండింటిలోనూ ప్రోటీన్ లేదు. అయినా నువ్వు సరైన చోటే పట్టుకున్నావు. ఎండకు వెలిసిపోయే రంగులు లోకంలో ఎన్నో ఉన్నాయి. పోయిన రంగు తిరిగి రావడమే అసలు విద్య. ప్రోటీన్ల మీద పనిచేసే వాళ్ల కష్టమంతా కూడా అక్కడే ఉంది.

చాలా మటుకు ప్రోటీన్లకు రంగు ఉండదు. పచ్చి గుడ్డులోని తెల్లసొన చూడు, నీళ్లలా ఉంటుంది. రంగున్న ప్రోటీన్ కనిపించిందంటే దాని కడుపులో రంగున్న చిన్న అణువు ఏదో కూర్చుని ఉందన్నమాట. రక్తానికి ఎరుపు హీమ్ అనే అణువు వల్ల వచ్చింది. మన కంట్లో ఉండేది రెటినాల్, అది విటమిన్ ఎ నుంచి తయారవుతుంది.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించమని మా క్లాసులో పిల్లలకు ఎప్పుడూ చెప్పేదాన్ని. రెటినాల్ విడిగా ద్రావణంలో ఉంటే 380 నానోమీటర్ల (ఇది కాంతి తరంగం పొడవు) దగ్గర, అంటే అతినీలలోహితం అంచున కాంతిని పీల్చుకుంటుంది. కంటికి లేత పసుపుగా కనిపిస్తుంది. అదే రెటినాల్ మన కంటి శంకు కణాల్లో మూడు రకాల ప్రోటీన్లలో కూర్చుంది. ఒకదాంట్లో సుమారు 420, ఇంకోదాంట్లో 530, మూడోదాంట్లో 560 నానోమీటర్ల కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. అణువు ఒక్కటే, దాని చుట్టూ ఉన్న గోడ మారిందంతే. ఆ గోడలో ఏ అమైనో ఆమ్లం (ప్రోటీన్‌ను కట్టే ఇటుక) ఎక్కడ నిలబడింది, దాని మీద విద్యుదావేశం ఉందా లేదా, పక్కన నీటి అణువు ఉందా, ఇవన్నీ కలిసి రంగును తేలుస్తాయి. తిరుచానూరు పూలకొట్లలో ఎర్ర గులాబీనీ పసుపు చామంతినీ నువ్వు వేరుగా చూడగలగడం ఈ గోడల పుణ్యమే.

ఇప్పుడు వెలుతురు చేసే పని. రెటినాల్‌కు పొడవాటి తోక ఉంది, అందులో కర్బన పరమాణువుల మధ్య ద్విబంధాలున్నాయి. మామూలుగా ద్విబంధం దగ్గర అణువు తిరగలేదు. కాంతిని పీల్చుకున్న క్షణంలో మాత్రం ఒక ద్విబంధం సడలి తోక ఇటు నుంచి అటు మళ్లుతుంది. కెమిస్ట్రీలో సిస్, ట్రాన్స్ అని చదివావు చూడు, అదే. తోక మళ్లాక అణువుకూ గోడకూ మధ్య సర్దుబాటు మారిపోతుంది, దాంతో రంగూ మారుతుంది.

ప్రకృతి ఈ పని ఎప్పుడో చేసిపెట్టింది. ఉప్పుమడుల్లో నీళ్లు బాగా ఇగిరి చిక్కబడ్డాక ఒక్కోసారి ఎర్రటి జీర తేలుతుంది. ఆ చిక్కటి ఉప్పునీటిలో హాయిగా బతికే సూక్ష్మజీవుల్లో హాలోబాక్టీరియం ఒకటి. దాని పొరలో బాక్టీరియోరొడాప్సిన్ అనే ఊదా రంగు ప్రోటీన్ ఉంది. డీటర్ ఓస్టర్‌హెల్ట్, వాల్టర్ స్టోకేనియస్ 1971లో దాని సంగతి లోకానికి చెప్పారు. వెలుతురు పడితే అది దశలు దశలుగా మారుతూ మధ్యలో ఒకసారి పసుపు రంగుకు వస్తుంది, మళ్లీ ఊదాకు చేరుకుంటుంది. ఈ చుట్టు మొత్తానికి పట్టేది సుమారు 10 మిల్లీసెకన్లు. అంత వేగంగా జరిగితే మన కన్ను పసుపును పట్టలేదు. అందుకని ఆ ప్రోటీన్‌లో 96వ స్థానంలో ఉన్న అస్పార్టిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లాన్ని తీసి ఆస్పరజిన్ అనే ఇంకోదాన్ని పెట్టారు. దాంతో పసుపు దశ చాలా ఎక్కువసేపు నిలుస్తుంది. తొందరగా వెనక్కి రావాలంటే నీలి కాంతి వేస్తే చాలు. ఇలాంటి ప్రోటీన్‌ను పలుచని ఫిల్మ్‌గా పోసి, వెలుతురుతో బొమ్మ రాసి, వెలుతురుతోనే చెరిపేశారు.

సడలేది ఏ ద్విబంధం అన్నది కూడా గోడే నిర్ణయిస్తుంది. మన కంట్లో 11వ కర్బనం దగ్గర మళ్లుతుంది, ఈ ఉప్పునీటి జీవిలో 13వ దాని దగ్గర. పండగ పూట చిత్తూరు బస్సులో నిలబడి వెళ్తున్నప్పుడు కాలు ఎటు జరపాలన్నది మన చేతిలో ఉండదు, పక్కవాళ్ల మధ్య ఎటు సందుంటే అటే జరుపుతాం. రెటినాల్ తోక పరిస్థితీ అంతే. ఇంజినీరింగ్ చేసేవాళ్లు ఆ సందులు సర్దుతారు.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీది. బాబక్ బోర్హాన్, జేమ్స్ గైగర్ బృందాలు తీసుకున్న ప్రోటీన్‌కు వెలుతురుతో పనే లేదు. మన కణాల్లో విటమిన్ ఎను మోసే చిన్న కూలీ అది. గోడలోని అమైనో ఆమ్లాలను ఒక్కొక్కటిగా మార్చి, రెటినాల్ దానికి అతుక్కునేలా చేశారు. ఇంకా మారుస్తూ పోతే ఒకే రెటినాల్ 425 నుంచి 644 నానోమీటర్ల దాకా రకరకాల కాంతిని పీల్చుకుంది, పసుపు మొదలుకుని నీలం దాకా రంగులొచ్చాయి. అది 2012 మాట. 2019లో ఇంకో మెట్టు ఎక్కారు. వెలుతురుకు తోక 13వ కర్బనం దగ్గర మళ్లి, ఆ తర్వాత తనంతట తానే పాత ఆకారానికి వచ్చేలా అదే కూలీ ప్రోటీన్‌ను మలిచారు. ఇదంతా ఒక్క స్ఫటికంలో జరుగుతుండగా పరమాణువుల స్థాయిలో చూశారు. కోట్ల ఏళ్లలో ప్రకృతి నేర్చిన పనిని, దానితో సంబంధం లేని ప్రోటీన్‌కు నేర్పారంటే ఆ గోడ మనకు ఎంతో కొంత అర్థమైనట్టే. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

రెటినాల్ అవసరం లేని ఇంకో కుటుంబం ఉంది. ఒసాము షిమోమురా 1962లో జెల్లీ చేప నుంచి వేరు చేసిన ఆకుపచ్చ మెరుపు ప్రోటీన్, దాని బంధువులు. వీటిలో రంగు అణువు బయటి నుంచి రాదు, ప్రోటీన్‌లో పక్కపక్కనే ఉన్న మూడు అమైనో ఆమ్లాలు తమలో తాము ముడిపడి తయారవుతుంది. జపాన్‌లో అత్సుషి మియావాకి బృందం పగడపు జీవి నుంచి తీసి మలిచిన డ్రోన్పా అనే ప్రోటీన్‌ను 2004లో ప్రకటించింది. దాని మీద 488 నానోమీటర్ల నీలికాంతి వేస్తే ఆకుపచ్చగా మెరుస్తూనే క్రమంగా ఆరిపోతుంది. 405 నానోమీటర్ల ఊదాకాంతి తగిలితే మళ్లీ వెలుగుతుంది.

దీన్ని నేను దగ్గర నుంచి చూశాను. నా పాత విద్యార్థిని ఒకామె పనిచేసే ల్యాబ్‌లో అరచేయంత ప్లేటు, దాని మీద సగ్గుబియ్యం కంటే చిన్న చుక్కలు. అవి ఈ ప్రోటీన్ జన్యువు ఎక్కించిన ఈ-కొలై బ్యాక్టీరియా గుంపులు. గదిలో లైట్లు తీసేసి నీలి దీపం పెట్టి, నారింజ రంగు అక్రిలిక్ పలక అడ్డం పెట్టుకుని చూడమంది. చుక్కలన్నీ లేత అరిటాకు రంగులో మెరుస్తున్నాయి. చూస్తుండగానే మసకబారాయి, కాసేపటికి ఆ ప్లేటు మీద ఏమీ లేదన్నట్టే అయింది. అప్పుడామె పెన్నులాంటి ఊదా టార్చి తీసుకుని ప్లేటు మధ్యగా ఒక్కసారి గీత గీసినట్టు తిప్పింది. మళ్లీ నీలి దీపం కింద పెడితే ఆ గీత మీదున్న చుక్కలు మాత్రమే వెలిగాయి! మిగతావి చీకట్లోనే ఉన్నాయి. ఆర్పడానికి అంతసేపు పట్టి, వెలిగించడానికి రెప్పపాటు చాలడం వింతేమీ కాదు. డ్రోన్పా పీల్చుకున్న ఊదా కాంతి కణాల్లో ఇంచుమించు మూడింట ఒకటి దాన్ని వెలిగిస్తుంది. నీలి కాంతి కణాలైతే సుమారు మూడు వేలల్లో ఒకటి దాన్ని ఆర్పుతుంది.

ఇప్పుడు నీ చివరి ప్రశ్న, తయారీ. ప్రోటీన్‌ను చేత్తో పట్టుకుని మార్చలేం. దాన్ని రాసిపెట్టిన డీఎన్ఏలో అక్షరాలు మారుస్తాం, బ్యాక్టీరియాలో పెడతాం, అది కొత్త ప్రోటీన్ చేసిపెడుతుంది. ఎక్కడ మార్చాలో తెలిస్తే ఒక్కచోట మారుస్తారు. తెలియకపోతే వేలకొద్దీ రకాలుగా మార్చి, ప్లేట్ల మీద పెంచి, వెలుతురు వేసి, బాగా ఆరి బాగా వెలిగేదాన్ని ఏరుకుంటారు. ఒక్క మార్పు ఎంత పని చేస్తుందో చూడు. ఆరిపోయిన డ్రోన్పాను చీకట్లో వదిలేస్తే సగం తనంతట తాను వెలగడానికి సుమారు 14 గంటలు పడుతుంది. 159వ చోట ఉన్న మెథియోనిన్‌ను తీసేసి చిన్నదైన థ్రియోనిన్ పెడితే అది అర నిమిషానికి దిగిపోయింది. ఆర్పడం కూడా వంద రెట్లకు పైగా తేలికైంది. గోడలో కాస్త చోటు దొరికింది, అంతే.

నీట్ టెన్షన్‌లో ఇవన్నీ చదవడం కష్టమే, కానీ ఈ దారి మీద మనసు ఉంటే మెడిసిన్ ఒక్కటే బతుకు అనుకోకు. 2015లో మన తిరుపతిలోనే ఐసర్ (జాతీయ సైన్సు విద్యా పరిశోధన సంస్థ) వచ్చింది. ఇంటర్ తర్వాత వాళ్ల ఆప్టిట్యూడ్ టెస్ట్ రాసి ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌లో చేరవచ్చు. బయాలజీతో పాటు ఫిజిక్స్, కెమిస్ట్రీ వదలకుండా చదువు. ఈ పనికి మూడూ కావాలి.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. ఇలా వెలిగి ఆరే ప్రోటీన్లు చూడ్డానికి బాగానే ఉంటాయి. వీటివల్ల మామూలు మనిషికి ఒరిగేదేమిటి?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మాస్టారూ, రెండు చెబుతాను. మొదటిది సూక్ష్మదర్శిని. కాంతితో చూసే ఏ మైక్రోస్కోప్‌లోనైనా సుమారు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు కలిసిపోయి ఒకటిగా కనిపిస్తాయి. ఎర్నెస్ట్ అబ్బె 1873లోనే ఈ హద్దు చెప్పాడు. లెన్స్ ఎంత బాగా అరగదీసినా లాభం లేదు. రెండు చుక్కలూ ఒకేసారి వెలగకుండా చేయగలిగితే మాత్రం హద్దు దాటవచ్చు. పక్కదాన్ని ఆర్పి దీన్ని చూడు, తర్వాత దీన్ని ఆర్పి దాన్ని చూడు. ఆర్పి వెలిగించగల ప్రోటీన్ ఉంటేనే ఇది కుదురుతుంది. జర్మనీలో స్టెఫాన్ హెల్ బృందం ఇందుకోసమే వెయ్యిసార్లకు పైగా ఆరి వెలిగినా ఓర్చుకునే ప్రోటీన్‌ను మలిచి 2011లో ప్రకటించింది. బతికున్న కణంలో సన్నటి పోగులు విడివిడిగా కనిపించాయి. హద్దు దాటిన ఇలాంటి పద్ధతులకు హెల్, ఎరిక్ బెట్జిగ్, విలియం మోర్నర్‌లకు 2014లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. ప్రతిసారీ కొన్ని అణువులు చెడిపోతూనే ఉంటాయి కాబట్టి, ఎన్నిసార్లు తిరిగి రాగలదన్నదే ఈ ప్రోటీన్ నాణ్యతకు గీటురాయి.

రెండోది నన్ను కదిలించిన వార్త. వంశపారంపర్య రెటీనా జబ్బుతో చూపు పోయిన 58 ఏళ్ల మనిషి కంట్లోకి, పాచి నుంచి తీసి మార్చిన, వెలుతురుకు స్పందించే ఒక ప్రోటీన్ జన్యువును ఎక్కించారు. ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టుకుని, కొంత శిక్షణ తర్వాత, బల్ల మీదున్న వస్తువును గుర్తుపట్టి చేయి చాపి తాకగలిగాడు. 2021లో ప్రచురించారు. చూపు పూర్తిగా వచ్చిందని ఎవరూ అనలేదు, ముఖాలు గుర్తుపట్టే స్థాయి కాదు. అయినా ఏమీ కనిపించని చోట బల్ల మీద నోట్‌బుక్ ఉందని చెప్పగలగడం ఆ మనిషికి ఎంత పెద్ద విషయమో ఆలోచించండి.

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. పొద్దుగూకితే గడప తట్టుకుని పడిపోతున్నాడు, ముందున్న చెంబు కూడా కనిపించడం లేదు. కంట్లో రంగు అయిపోయిందని పక్కింటావిడ అంటోంది. భయంగా ఉంది.
— ఒక తల్లి, పలమనేరు

జవాబు: అమ్మా, ఈ పత్రిక పక్కన పెట్టి ముందు బాబును కంటి డాక్టర్‌కు చూపించండి. రేపు మాపు అనవద్దు. పక్కింటావిడ అన్న మాటలో నిజం లేకపోలేదు. మసక వెలుతురులో చూడడానికి పనికొచ్చే ప్రోటీన్ రొడాప్సిన్. చీకట్లో అది గులాబీ-ఊదా రంగులో ఉంటుంది, వెలుతురు పడితే వెలిసిపోతుంది. ఫ్రాంజ్ బోల్ 1876లో కప్ప కంట్లో దీన్ని చూశాడు. మొదటి ప్రశ్నలో చెప్పిన ఉప్పునీటి జీవిలో రెటినాల్ కూర్చున్న చోటే మామూలైపోతుంది. మన కంట్లో అలా జరగదు. రెటినాల్ ఊడి వచ్చి, పక్క పొరలోని కణాల్లోకి వెళ్లి, ఆకారం సరిచేసుకుని, మళ్లీ వచ్చి కూర్చోవాలి. ఎండలోంచి చీకటి గదిలోకి వస్తే కళ్లు పూర్తిగా అలవాటు పడడానికి అరగంట దాకా పట్టేది అందుకే. ఒంట్లో విటమిన్ ఎ తగ్గితే తిరిగి కూర్చోవడానికి సరిపడా రెటినాల్ ఉండదు. అదే రేచీకటి.

పిల్లలకు ప్రభుత్వం తొమ్మిదో నెల నుంచి ఐదేళ్ల లోపు మొత్తం తొమ్మిది డోసుల విటమిన్ ఎ ద్రవం ఇస్తుంది. బాబు కార్డు చూసుకోండి, ఎన్ని పడ్డాయో ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను అడగండి. తెలిసినవాళ్లు చెప్పారని షాపులో క్యాప్సూల్స్ కొని వేయకండి, విటమిన్ ఎ ఎక్కువైతే చిన్న పిల్లలకు ప్రమాదం. మునగాకు, తోటకూర, బొప్పాయి, క్యారెట్, గుడ్డు పెట్టండి. ఆకుకూరలో రెండు చుక్కలు నూనె పడాలి, లేకపోతే ఒంటికి పట్టదు. మామిడి కాలంలో పండు పెట్టండి, మన జిల్లాలో దానికి కొదవేముంది. రేచీకటి విటమిన్ లోపం వల్లే రావాలని లేదు, పుట్టుకతో వచ్చే రెటీనా జబ్బులూ ఉన్నాయి. మేనరికం పెళ్లి అయితే ఆ సంగతి డాక్టర్‌కు దాచకుండా చెప్పండి.

ప్రశ్న: మేం కలంకారీ పని చేస్తాం. ఎండలో ఒక రంగు, ఇంట్లో ఒక రంగు ఉండే చీర చేస్తే మంచి గిరాకీ ఉంటుందని మా అబ్బాయి అంటున్నాడు. ఈ ప్రోటీన్లతో బట్టకు రంగు వేయొచ్చా?
— ఒక కళాకారుడు, శ్రీకాళహస్తి

జవాబు: అన్నా, ఇప్పటికైతే వద్దు. మీ పద్ధతిలో బట్టను కరక్కాయ, పాలలో నానబెడతారు, పటిక అద్దుతారు, ఎర్ర రంగుకు వేరు వేసి గాబులో ఉడకబెడతారు, ఏటి నీళ్లలో జాడిస్తారు. ఆకుపచ్చ మెరుపు ప్రోటీన్ 80 డిగ్రీల లోపే విచ్చుకుపోతుంది, విచ్చుకుంటే మెరుపు పోతుంది. కరక్కాయలోని వగరు పదార్థం ప్రోటీన్లకు అతుక్కుని ముద్ద చేస్తుంది, తోలు ఊనేది కూడా ఆ గుణంతోనే. బాక్టీరియోరొడాప్సిన్ కాస్త మొండిది. పొడిగా ఉన్నప్పుడు 140 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, పది లక్షల సార్లకు పైగా రంగు మారి తిరిగి వస్తుంది. జర్మనీలో దాన్ని సిరాలో కలిపి, నకిలీ పత్రాలను పట్టడానికి వాడే ప్రయత్నాలు జరిగాయి. కానీ ఆ ధరకు చీర మొత్తం వేయాలంటే కొనేవాళ్లుండరు.

మీ అబ్బాయి సరదా తీరాలంటే స్క్రీన్ ప్రింటింగ్ వాళ్ల దగ్గర ఎండకు రంగు మారే రసాయన సిరా దొరుకుతుంది. అందులో ప్రోటీన్ ఉండదు, తాతయ్య కళ్లద్దాల ప్లాస్టిక్‌లో ఉండే రకం. ఉడకబెట్టడం, జాడించడం అన్నీ అయ్యాక చివర్లో, అంచు మీద ఒక నెమలి కన్నుకో పువ్వుకో పెట్టి చూడండి. ఎండలో వాడేకొద్దీ ఆ గుణం తగ్గిపోతుంది కాబట్టి, ముందు జానెడు గుడ్డ మీద వేసి కొన్నాళ్లు మిద్దె మీద ఆరేసి చూశాకే చీర మీద చేయి పెట్టండి. కొనేవాళ్లకు కూడా ఆ మాట ముందే చెప్పండి.